ఇంట్లో తెలుగు, ఒడియా, బడిలో ఇంగ్లీషు: మూడున్నరేళ్ల పిల్లాడి కోసం ఏ భాష ఆపాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు మీ ప్రశ్న ఇది. విజయనగరంలో ఉంటున్నారు. బాబుకి మూడున్నరేళ్లు. మీతో తెలుగు, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన మామ్మతో ఒడియా మాట్లాడతాడు. ఈ జూన్‌లో ఇంగ్లీషు మీడియం నర్సరీలో వేశారు. "క్లాసులో నోరు విప్పడం లేదు, భాషలు కలిపేస్తున్నాడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని టీచరు చెప్పారు. అప్పట్నుంచి మీ అత్తగారు మనవడితో మాట్లాడడమే తగ్గించేశారు, మీరు వచ్చినంత ఇంగ్లీషులో నెట్టుకొస్తున్నారు. ఏ భాష ఆపాలి, రెండు భాషలు వస్తే తెలివి పెరుగుతుందంటారు నిజమేనా, ఒడియా అక్షరాలు కూడా నేర్పాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఏ భాషా ఆపకండి. మీ అత్తగారిని ఈ పూట నుంచే మునుపటిలా ఒడియాలో మాట్లాడమనండి. మీరు తెలుగులోనే మాట్లాడండి. ఇంగ్లీషు బడిలో వస్తుంది, ఇంట్లో దానికి కొంచెం సాయం చేస్తే చాలు. బాబుకి మాటలు నిజంగా ఆలస్యమవుతున్నాయా అన్నది వేరే సంగతి. దాన్ని ఎలా కనిపెట్టాలో కింద రాశాను.

నేను డాక్టర్ని కాదు. శ్రీకాకుళం జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మొదట్లో ఇచ్ఛాపురం, సోంపేట వైపు చేశాను, తర్వాత చాలా ఏళ్లు సీతంపేట ఏజెన్సీలో ఉన్నాను. (సీతంపేట 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది.) నా సర్వీసంతా ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లల మధ్యే గడిచింది.

భాషలు కలిపేయడం గురించి. బాబు "అమ్మా, పాణి కావాలి" అంటున్నాడని కంగారు పడుతున్నారు. మనం రోజూ "బస్సు లేటయింది", "ఆఫీసులో టెన్షన్‌గా ఉంది" అంటూనే ఉంటాం కదా. పిల్లాడికి ఏ మాట ముందు నోటికొస్తే ఆ మాట వేసి వాక్యం పూర్తి చేస్తాడు. ఒక భాషలో మాట తెలియకపోతే రెండో భాషలోంచి తెచ్చుకుంటాడు. అది తెలివైన పని. మీరు చూడాల్సింది ఇంకోటి ఉంది: మామ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఒడియా మాటలు ఎక్కువవుతున్నాయా, మీ దగ్గరికి వచ్చినప్పుడు తెలుగు మాటలు ఎక్కువవుతున్నాయా? అలా జరుగుతుంటే ఏ భాష ఎవరిదో వాడికి తెలుసన్నమాట.

ఇచ్ఛాపురం సంతలో మా బడి పిల్లాడొకడు తల్లి పక్కన కూర్చుని వంకాయలు అమ్మేవాడు. తల్లి తూకం వేస్తుంటే వాడు డబ్బులు లెక్కపెట్టేవాడు. బరంపురం వైపు నుంచి వచ్చినవాళ్లకి ఒడియాలో ధర చెప్పి, అదే ఊపులో నా వైపు తిరిగి "మేస్టారూ, చిల్లర లేదండి" అనేవాడు. వాడు అప్పటికి ఒకటో తరగతి. భాష మార్చమని వాడికి ఎవరూ నేర్పలేదు, ఎదుటి మొహం చూసి మార్చేవాడు.

క్లాసులో మాట్లాడకపోవడం గురించి. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు నోరు మూసుకుని వింటారు. కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ఇంటి దగ్గర వాగుడుకాయలా ఉండి బడిలో మూగనోము పట్టే పిల్లల్లో చాలామంది ఈ కోవలోకే వస్తారు. జూన్‌లో చేర్చిన పిల్లాడి గురించి ఇంత తొందరగా తీర్పు చెప్పకూడదు.

ఈ మౌనాన్ని తెలివితక్కువతనం అనుకుంటే పిల్లలకు ఎంత అన్యాయం జరుగుతుందో నేను సీతంపేటలో చూశాను. అక్కడ ఉన్నది సవర గిరిజనుల పిల్లలు, వాళ్ల భాష కూడా సవరే. సవర మన తెలుగుకి చుట్టం కూడా కాదు. తెలుగు ద్రావిడ భాష, సవర ముండా భాష, సంతాలీ కూడా ఆ కుటుంబానిదే. ఆరేళ్ల పిల్ల కొండ మీది గూడెం నుంచి దిగి వచ్చి తెలుగు పుస్తకం ముందు కూర్చుంటే, టీచరు నోటి నుంచి వచ్చేదంతా ఆ పిల్లకి చప్పుడే.

అలాంటి పాప ఒకతె మా బడిలో ఉండేది. అడిగితే తల వంచుకునేది. ఒకరోజు మా విద్యా వాలంటీరు, ఆ పక్క గూడెం కుర్రాడే, నేల మీద పన్నెండు చింతపిక్కలు పోసి, ఐదు తీసేస్తే ఎన్ని మిగులుతాయని సవరలో అడిగాడు. ఆ పాప పిక్కల్ని ముట్టుకోనేలేదు. వాటిని చూస్తూ జవాబు చెప్పేసింది. తర్వాత తనే పిక్కలన్నీ దగ్గరికి లాక్కుని, గుప్పెట్లో కొన్ని దాచి, ఎన్ని దాచానో చెప్పమని అతన్ని ఎదురు అడిగింది. తీసివేత వచ్చిన పిల్ల, దాన్ని తిరగేసి ప్రశ్న తయారు చేయగలిగిన పిల్ల. రాకపోయింది తెలుగు ఒక్కటే.

ఆ రెండు మూడేళ్లలో ఆ పాప తెలుగు బాగా నేర్చుకుంది. సవర మానేసి నేర్చుకోలేదు, సవరలో అర్థం చేసుకున్న లెక్క మీద తెలుగు మాటలు పెట్టుకుంటూ నేర్చుకుంది. ఒకసారి బుర్రకెక్కిన విషయాన్ని రెండో భాషలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు, మాటలు నేర్చుకుంటే చాలు. మీకు చెప్పదలుచుకున్నవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

మన ప్రాంతంలో ఈ సంగతి వందేళ్ల కిందటే ఒకరు కనిపెట్టారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బళ్లు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. బళ్లలో వాడుక తెలుగు ఉండాలని పోరాడినాయన, సవర పిల్లలకి సవరలో చదువు చెప్పినాయన ఒకరే. ఆ రెండు పనుల వెనక ఉన్నది ఒకే ఆలోచన అని నా నమ్మకం: పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటతోనే చదువు మొదలవ్వాలి.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా, ఈ ఎనిమిది భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. వాచకాలు తెలుగు లిపిలోనే ఉండేవి. ఒకటో తరగతి ఇంటి భాషలో, ఆ తర్వాత ఏడాదికేడాది తెలుగు వాటా పెంచుకుంటూ వెళ్లేది. సవర తెలిసిన టీచరు ఉన్నచోట పిల్లలు బడికి రావడం మానలేదు. ఆ టీచరు బదిలీ అయిపోయిన చోట పుస్తకాలు బీరువాలోనే ఉండిపోయేవి.

తెలివి పెరుగుతుందా? దీని గురించి వాట్సాప్‌లో చాలా తిరుగుతుంటాయి. తెలిసినంతవరకు ఉన్నదున్నట్టు చెప్తాను.

ఒకప్పుడు రెండు భాషలు పిల్లల బుర్రకి బరువని నమ్మేవారు. 1923లో వేల్స్‌లో సేర్ అనే ఆయన చేసిన పరీక్షల్లో రెండు భాషల పల్లెటూరి పిల్లలు వెనకబడ్డారు. పట్నం పిల్లల్లో ఆ తేడా కనబడలేదు. అంటే తేడా పేదరికంలోనూ బడిలోనూ ఉందన్నమాట, దాన్ని భాష నెత్తిన వేశారు. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు పదేళ్ల పిల్లల్ని, కుటుంబ స్థితిగతులు సమానంగా ఉండేలా ఎంచుకుని పరీక్షించారు. అక్కడ రెండు భాషల పిల్లలే ముందున్నారు. మనకి పొరుగునే ఒడిశాలో అజిత్ మొహంతి గారనే పరిశోధకుడు కొంధు తెగ పిల్లల మీద చాలా ఏళ్లు పనిచేశారు. కొంధుల సొంత భాష కుయి. కుయి, ఒడియా రెండూ నిలుపుకున్న పిల్లలు, కుయి పోగొట్టుకుని ఒడియా ఒక్కటే మిగిలిన కొంధు పిల్లల కంటే మెరుగ్గా చేశారు. ఇద్దరిదీ ఒకే తెగ, ఒకే రకం బతుకు. అందుకే నేను ఈ పనికి ఎక్కువ విలువిస్తాను.

తర్వాత ఎలెన్ బియాలిస్టాక్ లాంటి పరిశోధకులు, రెండు భాషలవారికి ఏకాగ్రత నిలుపుకోవడం, అక్కర్లేనిదాన్ని పక్కన పెట్టడం బాగా వస్తుందన్నారు. 2013లో పాప్, గ్రీన్‌బర్గ్ చేసిన పరీక్షల్లో అలాంటి లాభమేమీ కనబడలేదు. ఆ వాదం ఇంకా తేలలేదు. కాబట్టి బుర్ర పదునెక్కుతుందన్న ఆశతో ఒడియా నేర్పకండి. బుర్ర చెడుతుందన్న భయంతో ఆపనూ వద్దు.

పెద్దవాళ్ల విషయంలో మాత్రం మన దగ్గరే జరిగిన మంచి అధ్యయనం ఒకటుంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, వచ్చిన 648 మంది వివరాలు చూసి 2013లో ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవారి కంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది, కాబట్టి అది చదువు వల్ల వచ్చిందని కొట్టిపారేయలేం. అయితే రెండు భాషలు వస్తే జబ్బు రాదని దీనర్థం కాదు. మీ అత్తగారికి ఈ మాట చెప్పండి, మనవడితో మాట్లాడడం ఆవిడకీ మంచిదే.

మరి ఇంగ్లీషు సంగతేంటి? ఇంగ్లీషు కావాలి. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. మా వైపు నుంచి విశాఖకి, హైదరాబాద్‌కి వెళ్లిన పిల్లలు ఇంటర్వ్యూల్లో ఎంత ఇబ్బంది పడతారో నాకు తెలుసు. అయితే అది ఏ దారిలో వస్తుందన్నదే అసలు ప్రశ్న.

సర్వీసు చివర్లో నాకు టీచర్ల శిక్షణ పనులు పడేవి, రకరకాల బళ్లు చూసేవాణ్ణి. ఒక ఇంగ్లీషు మీడియం క్లాసులో నాలుగో తరగతి పిల్లాడు "ద ఫార్మర్ ఈజ్ ప్లౌయింగ్ ద ఫీల్డ్" అని గడగడా చదివాడు. దాని అర్థమేంటి నాన్నా అంటే నా మొహం చూశాడు. వాళ్లది వ్యవసాయం. తెలుగులో అడిగాను, మీ నాన్న పొలంలో ఏం చేస్తాడని. ఆకుమడి ఎప్పుడు పోస్తారు, దమ్ము ఎలా చేస్తారు, ఉభాలప్పుడు నీళ్లు ఎంత ఉండాలి, అన్నీ చెప్పాడు. ఒక పేజీ నిండా రాయగలిగినంత చెప్పాడు. ఆ రెండింటినీ కలిపే పని బడిలో ఎవరూ చేయలేదు. చదివేటప్పుడు వాడికి పొలం గుర్తుకు రాలేదు, పొలంలో ఉన్నప్పుడు పుస్తకం గుర్తుకు రాదు.

జిమ్ కమిన్స్ అనే కెనడా పరిశోధకుడు వలస పిల్లల్ని చూసి ఒక మాట చెప్పాడు. ఆటల్లో, పలకరింపుల్లో వాడే కొత్త భాష రెండేళ్లలో వస్తుంది. పాఠం అర్థం చేసుకుని, సొంతంగా రాసి, వాదించగలిగే భాషకి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మన తల్లిదండ్రులు మొదటిది చూసి మురిసిపోతారు. "మే ఐ గో టు టాయిలెట్" అనగానే ఇంగ్లీషు వచ్చేసిందనుకుంటారు. ఆ ఐదారేళ్లూ పిల్లాడు ఏ భాషలో ఆలోచించాలి? తెలుగు పెరగకుండా ఆపేసి, ఇంగ్లీషు ఇంకా రాకపోతే వాడికి లోతుగా ఆలోచించడానికి ఒక్క భాషా మిగలదు. రెండు భాషల వల్ల నష్టం జరిగేది ఈ ఒక్క చోటే.

కెనడాలో ఇంగ్లీషు పిల్లల్ని ఒకటో క్లాసు కంటే ముందే ఫ్రెంచి బడిలో వేస్తే బాగా చదివారు కదా అని కొందరు అడుగుతారు. నిజమే, 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో మొదలైన ఆ బళ్లు బాగా నడిచాయి. కానీ ఆ పిల్లల ఇంట్లో ఇంగ్లీషుకి ఏ లోటూ లేదు, టీచర్లకి రెండు భాషలూ బాగా వచ్చు, ఇంటి భాష మాట్లాడితే అక్కడ ఫైన్ వేసేవారు లేరు. మన దగ్గర తెలుగులో మాట్లాడితే ఫైన్ అని బోర్డు పెట్టే బళ్లు ఉన్నాయి. మీ బాబు బడి అలాంటిదైతే, ఆ నిబంధన గురించి యాజమాన్యంతో తప్పకుండా మాట్లాడండి.

మీరు ఇంట్లో ఇంగ్లీషు ఎందుకు మాట్లాడొద్దంటున్నానంటే, మూడున్నరేళ్ల పిల్లాడికి కావలసింది పొడుగైన, అల్లుకుపోయే మాటలు. తెలుగులోనైతే కాకి గూడు గురించి మీరు పావుగంట చెప్పగలరు. ఎందుకు, ఎలా, తర్వాత ఏమైంది అని వాడు అడుగుతాడు, మీరు చెప్తారు. ఇంగ్లీషులో అయితే "కమ్, ఈట్, డోంట్ రన్" దగ్గర ఆగిపోతున్నానని మీరే రాశారు. దానివల్ల పిల్లాడికి ఇంగ్లీషు రాదు, ఉన్న మాటలు కూడా తగ్గిపోతాయి. ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన తల్లయితే నేను ఇంకోలా చెప్పేవాణ్ణి.

ఇంట్లోవాళ్ల మధ్య జరిగే నష్టం కూడా చిన్నది కాదు. మామ్మ మాట్లాడడం తగ్గించారని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నాకు అన్నిటికంటే బాధనిపించింది అదే. పాతపట్నం వైపు, మందస వైపు ఇళ్లలో చూశాను, ముసలామె ఒడియాలో పిలుస్తుంది, మనవలు పలకరు, మధ్యలో కొడుకు తర్జుమా చేస్తుంటాడు. ఒక తరంలోనే అలా అయిపోతుంది.

మన యాస విషయంలోనూ ఇదే జరుగుతోంది. "ఏటి సేస్తన్నావు", "బేగి రా" అన్న పిల్లాణ్ణి క్లాసులో నవ్వులపాలు చేస్తే వాడు మళ్లీ చెయ్యెత్తడు. ఇంటి మాట ఒకటి, పుస్తకం మాట ఒకటి, రెండూ నేర్చుకోగలడు. పుస్తకం మాట నేర్పడానికి ఇంటి మాటని తప్పు అననక్కర్లేదు. మా తీరం మత్స్యకారుల పిల్లలు కొందరు తండ్రులతో గుజరాత్ వెరావల్ వెళ్లి హిందీ నేర్చుకుని వస్తారు. ఏ టీచరూ వాళ్లని "ఇంకో భాష వచ్చింది" అని మెచ్చుకోవడం నేను వినలేదు, "తెలుగు పోయింది" అని తిట్టడమే విన్నాను.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. మామ్మ స్నానం చేయించేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, పడుకోబెట్టేటప్పుడు ఒడియాలో కథలు, పాటలు సాగనివ్వండి. వాడు తెలుగులో జవాబిచ్చినా ఆవిడ ఒడియాలోనే కొనసాగించవచ్చు, బలవంతపెట్టొద్దు. "ఒక మనిషి ఒకే భాష" అని గీత గీసుకోవాల్సిన పని కూడా లేదు, మన ఇళ్లలో అలా కుదరదు. ఇంగ్లీషు కోసం రోజూ కాసేపు బొమ్మల పుస్తకం ఒకటి పట్టుకోండి. ఇంగ్లీషు వాక్యం చదివి, బొమ్మ గురించి తెలుగులో మాట్లాడుకోండి. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు కొన్ని ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండేలా వేశారు. ఒకటో తరగతికి వచ్చాక అవి చాలా ఉపయోగం.

టీచరుతో గొడవ పడకండి. ఆవిడ మంచి కోరే చెప్పారు. "బాబు తెలుగులో జవాబు చెప్తే ఒప్పుకోండి, ఆ తర్వాత దాన్నే ఇంగ్లీషులో మీరు చెప్పండి" అని అడగండి. చాలామంది టీచర్లు సరేనంటారు.

ఎప్పుడు ఆందోళన పడాలి? అన్ని భాషలూ కలిపి లెక్క చూసుకోండి. తెలుగులో కొన్ని, ఒడియాలో కొన్ని మాటలుంటే ఆ రెండూ కూడాలి, ఒక్క భాషనే చూసి తక్కువనుకోకూడదు. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనలేని పిల్లలు, మూడున్నరేళ్లకి ఏ భాషలోనూ చిన్న వాక్యం రానివాళ్లు, పేరు పెట్టి పిలిస్తే తిరగనివాళ్లు, వచ్చిన మాటలు పోగొట్టుకున్నవాళ్లు ఉంటే వెంటనే చూపించాలి. మొదట వినికిడి పరీక్ష చేయించండి. జిల్లా కేంద్రాల్లో పిల్లల కోసం డీఈఐసీ అనే ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి, అక్కడ స్పీచ్ థెరపీ గురించి అడగొచ్చు. నిజంగా ఆలస్యం ఉందని తేలినా ఒక భాష మానేయాల్సిన పనిలేదు, రెండు భాషల వల్ల ఆ ఆలస్యం రాదు. మీరు రాసినదాన్ని బట్టి బాబు ఇంట్లో వాక్యాలు మాట్లాడుతున్నాడు, మామ్మతో పోట్లాడుతున్నాడు కూడా. అందుకే నాకు పెద్ద భయం కలగలేదు.

ఇక ఒడియా అక్షరాలు. ఇప్పుడే వద్దు. ముందు తెలుగు చదవడం గట్టిపడనివ్వండి. మూడో తరగతికి వచ్చేసరికి మొదలుపెట్టండి. ఒడియా వర్ణమాల కూడా అ ఆ, క ఖ వరసలోనే నడుస్తుంది, ఆకారాలే వేరు. తెలుగు వచ్చిన పిల్లాడికి సెలవుల్లో కూర్చోబెడితే పట్టుబడుతుంది. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మీడియం బళ్లు ఉన్నాయి. పండక్కి ఊరెళ్లినప్పుడు ఆ బళ్లలో ఒకటో తరగతి వాచకం అడిగి చూడండి. మీ అత్తగారికి చదవడం వస్తే ఆవిడే చెప్తారు, రాకపోతే మీవారు చెప్పొచ్చు.